ఎండకు మద్దతు ధర

మాఘమాసం వచ్చిందంటే గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో నేల రంగు మారిపోతుంది. ఏ కళ్లం చూసినా ఎరుపే. పొద్దున కాయలు పరచడం, మధ్యాహ్నం తిరగేయడం, సాయంత్రం కుప్పచేసి పట్టా కప్పడం... కాయ గలగలమనేదాకా రోజూ ఇదే పని. ఎండ బాగా కాస్తే రంగు నిలుస్తుంది, ధర పలుకుతుంది. మబ్బు పట్టి తేమ మిగిలిందా, యార్డులో కోత తప్పదు. అంటే ఈ నేల మీద ఎండకు ధర ఎప్పటినుంచో ఉంది. విడిగా లెక్కగట్టి చెప్పినవాళ్లే లేరు.

ఇప్పుడు ఆ లెక్క కడుతున్నారు. యూనిట్‌కి ఇంత, ఎకరాకి ఇంత, మిద్దెకి ఇంత అని. ఢిల్లీ నుంచి ఒక రాయితీ, అమరావతి నుంచి ఇంకో రాయితీ, ఆదాయపు పన్నులో మరో వెసులుబాటు. పత్తికి మద్దతు ధర, మిర్చికి యార్డు, పొగాకుకు వేలం... ఇన్ని రకాల అమ్మకాలు చూసిన పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ఈ కొత్త పంట తీరు అర్థం కావడం కష్టమేమీ కాదు. నిజానికి ఇంజినీర్లకంటే వాళ్లకే త్వరగా బోధపడుతుంది.

ఏసీల నెత్తిన నీలి పలకలు

గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టి తుమ్మకుండా బయటపడినవాళ్లు అరుదు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా దానికి పేరు. సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు రోజుకు లక్ష టిక్కీలు దాటి వస్తాయి. ధర నచ్చకపోతే సరుకు 'ఏసీ'కి పోతుంది. ఏసీ అంటే ఇక్కడ గోడకు బిగించే పెట్టె కాదు, కోల్డ్ స్టోరేజీ. నగరం చుట్టూ అలాంటివి వందకు పైగా ఉన్నాయి. లోపల చలి, బయట నిప్పులు చెరిగే ఎండ. ఈ రెంటికీ మధ్య గోడను కాపాడేది కరెంటు. మే నెల మధ్యాహ్నం యంత్రాలు ఆగకుండా తిరుగుతాయి. సరిగ్గా అదే వేళకు కప్పు మీద సోలార్ పలకలు ఎక్కువ కరెంటు ఇస్తాయి. ఇంత పొందికైన జోడీ మరొకటి దొరకదు. అందుకే కొన్ని ఏసీల నెత్తిన ఇప్పుడు నీలి పలకలు మెరుస్తున్నాయి.

అయితే యజమానిని అక్కడిదాకా నడిపించింది ఎండ ఒక్కటే కాదు. ఆడిటరు కూడా! వ్యాపారం చేసేవాళ్లు సోలార్, గాలిమరల మీద పెట్టిన పెట్టుబడిలో, మిగిలిన విలువ మీద ఏటా 40 శాతాన్ని తరుగుదలగా చూపించవచ్చు. ఆ మేరకు లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. 2017 ఏప్రిల్‌కు ముందు సోలార్‌కి ఇది 80 శాతం ఉండేది. గాలిమరలకు 2012లో ఒకసారి తీసేసి, 2014లో మళ్లీ ఇచ్చి, తర్వాత 40కి దించారు. తీయడం, ఇవ్వడం, తగ్గించడం... ఈ వరస గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికొస్తుంది.

ఈ పన్ను వెసులుబాటుకు ఒక లోపం ఉంది. గాలిమర తిరిగితేనే డబ్బు అని అది అనదు. నిలబెడితే చాలు. 1990లలో తమిళనాడు ముప్పందల్ దగ్గరా, మన రామగిరి (అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) గుట్టల మీదా మొదలైన తొలితరం గాలిమరల్లో చాలావాటిని పెట్టించింది ఈ పన్ను లెక్కే. కరెంటు ఎంత వచ్చిందన్నది తర్వాతి సంగతి. ఆ తప్పు దిద్దడానికే కేంద్రం 2009 డిసెంబరులో పద్ధతి మార్చింది. గ్రిడ్‌కి పంపిన ప్రతి యూనిట్‌కీ అర్ధరూపాయి అదనంగా ఇస్తామంది. విత్తినందుకు కాకుండా పండించినందుకు బోనస్ అన్నమాట. అది కూడా 2012 మార్చిలో ఆగి, మళ్లీ మొదలై, 2017 మార్చితో ముగిసింది.

మద్దతు ధర పోయి... వేలం వచ్చింది

అనంతపురం, కర్నూలు, కడప గుట్టల మీద కనిపించే గాలిమరల బారులు ఈ మైదానంలో లేవు. ఇక్కడి గాలికి అంత బలం చాలదు. కానీ రాష్ట్రమంతటికీ కరెంటు ధరల పట్టిక ఒకటే కాబట్టి అక్కడ కొన్న గాలి ఖరీదు ఇక్కడి బిల్లులోనూ ఉంటుంది. పొన్నూరులో మిక్సీ తిప్పే ఇల్లాలికి రామగిరి గుట్టతో సంబంధం ఉందంటే నమ్మడం కష్టమే. ఉంది మరి!

మొదట్లో గాలికి మద్దతు ధర లాంటిదే ఉండేది. విద్యుత్తు నియంత్రణ మండలి ఖర్చులు లెక్కవేసి ఒక ధర ప్రకటించేది. ఆ ధరకు డిస్కంలు 25 ఏళ్ల పాటు కొనాలి. 2009లో యూనిట్‌కి రూ.3.50, 2012లో రూ.4.70, 2015-16లో రూ.4.83, మరుసటి ఏడాది రూ.4.84. పత్తి రైతుకు సీసీఐ ఎలాగో, గాలిమరల కంపెనీకి డిస్కం అలాగ. ఒక తేడా మాత్రం ఉంది. పత్తి మద్దతు ధర ఏ ఏటికాయేడు మారుతుంది. 2025-26కి పొడవు పింజ పత్తికి క్వింటాలు రూ.8,110 అన్నారు. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడే. గాలికి మాత్రం ఒక్కసారి సంతకమైతే పాతికేళ్లకూ అదే ధర.

ఆ భరోసాతో కంపెనీలు బారులు తీరాయి. రాష్ట్ర విభజన నాటికి ఎనిమిది వందల మెగావాట్ల లోపే ఉన్న పవన విద్యుత్తు 2019 మార్చికి నాలుగువేల పైచిలుకుకు చేరింది. అయిదేళ్లలో అయిదింతలు!

ఇంతలో మార్కెట్ తీరు మారింది. ధర ప్రకటించడం మానేసి, ఎవరు తక్కువకిస్తే వాళ్ల దగ్గరే కొంటామంటూ వేలం పెట్టారు. మిర్చి యార్డులో పాట పైకి పోతుంది, ఇక్కడ కిందికి దిగుతుంది. 2017 ఫిబ్రవరిలో దేశంలో గాలికి జరిగిన మొదటి వేలంలో ధర రూ.3.46కి పడింది. అదే ఏడాది డిసెంబరులో గుజరాత్‌లో రూ.2.43. సోలార్‌ది ఇంకా పెద్ద జారుడు. జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో 2010 చివర అతి తక్కువగా పలికిన ధర రూ.10.95. ఉమ్మడి రాష్ట్రం 2013లో రూ.6.49కి కొంటామంది. 2015లో కర్నూలు సోలార్ పార్కుకు రూ.4.63, 2017 ఏప్రిల్‌లో కడపకు రూ.3.15, మే నెలలో రాజస్థాన్‌లోని భాడ్లాకు రూ.2.44. చైనా ఫ్యాక్టరీలు పలకల్ని గుట్టలుగా తయారుచేయడం, వడ్డీలు దిగడం, పోటీ పెరగడం... అన్నీ కలిసొచ్చాయి.

ఇప్పుడు చిక్కు చూడండి. నిన్న రూ.4.84కి పాతికేళ్ల కాగితం రాసుకున్నవాడు ఒకడు. ఇవాళ రూ.2.43కి ఇస్తానంటున్నవాడు ఇంకొకడు. కొనేవాడి మనసు ఊరుకుంటుందా?

మిల్లులు దాచుకున్న గాలి

గుంటూరు నుంచి జాతీయ రహదారి మీద దక్షిణానికి వస్తే చిలకలూరిపేట. పక్కనే గణపవరం. దూదిని నూలు చేసే స్పిన్నింగ్ మిల్లులకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. నూలు మిల్లుకు పత్తి తర్వాత పెద్ద ఖర్చు కరెంటుదే. అందుకే ఇలాంటి పరిశ్రమలకు రాష్ట్రం 2015లో ప్రకటించిన సౌర, పవన విధానాలు వరంలా కనిపించాయి. ఎక్కడో రాయలసీమలో గాలిమర పెట్టుకో, ఆ కరెంటును ప్రభుత్వ తీగల మీద నీ మిల్లుకు తెచ్చుకో, తీగల అద్దెలో మినహాయింపు ఇస్తాం అన్నారు. అంతకంటే పెద్ద సౌకర్యం 'బ్యాంకింగ్'. గాలి బాగా వీచేది వానాకాలంలో, మిల్లు తిరిగేది ఏడాది పొడుగునా. ఆషాఢంలో మిగిలిన కరెంటును గ్రిడ్‌లో జమ వేసి తర్వాత వాడుకోవచ్చు. ధాన్యాన్ని గాదెలో పోసుకున్నట్టే!

కాకపోతే కరెంటుకు గాదె లేదు. జమ వేసిన యూనిట్‌ని డిస్కం ఆ క్షణానే ఎవరికో ఇచ్చేయాలి. తిరిగి అడిగినప్పుడు ఎక్కడినుంచో కొని ఇవ్వాలి. చవక రోజుల్లో పుచ్చుకుని కరువు రోజుల్లో తిరిగివ్వడం. ఆ తేడా ఎవరు భరించాలి? మిగతా వినియోగదారులే. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ విధానాలను సవరించి ఈ వసతుల్లో చాలావాటికి కోత పెట్టింది. కోతలో న్యాయం లేదనలేం. కానీ ఆ వసతిని నమ్మి అప్పు చేసిన మిల్లుకు న్యాయం వేరుగా కనిపిస్తుంది.

సుబాబుల్ రైతుకు తెలిసిన కథ

మార్టూరు దాటి, మేదరమెట్ల దాటి ఒంగోలు వైపు సాగితే పత్తి, పొగాకు చేల మధ్య సుబాబుల్, జామాయిల్ తోటలు కనిపిస్తాయి. ఏటేటా పత్తితో జూదమాడలేక, కూలీల ఖర్చు భరించలేక చాలామంది కాగితం మిల్లులకు పనికొచ్చే ఈ కర్ర వేసుకున్నారు. ఒకసారి నాటితే మూడు నాలుగేళ్లు ఎదురుచూడాలి. కోతకొచ్చేసరికి నాటిననాటి ధర ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రకటించిన ధర ఒకటి, తూకం దగ్గర చేతికొచ్చేది ఇంకొకటి, బకాయిలు మరొకటి. ఒంగోలులో దీని మీద ఎన్ని ధర్నాలయ్యాయో లెక్కలేదు.

2019లో గాలిమరల కంపెనీలకు జరిగింది ఇంచుమించు ఇదే. ఆ ఏడాది జులై 1న కొత్త ప్రభుత్వం గాలి, సోలార్ ఒప్పందాల ధరల్ని తిరిగి చర్చించేందుకు ఉన్నతస్థాయి కమిటీ వేసింది. తగ్గించుకోవాలంటూ డిస్కంలు కంపెనీలకు లేఖలు రాశాయి. ప్రభుత్వ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బయట రెండున్నరకు దొరుకుతుంటే దాదాపు అయిదు రూపాయలు ఎందుకివ్వాలి? పైగా గాలి వీచినప్పుడల్లా బొగ్గు కేంద్రాల్ని తగ్గించాలి, తగ్గించినా వాటికి స్థిర ఛార్జీలు కట్టాలి. ఒకే యూనిట్‌కి రెండుసార్లు చెల్లింపు.

కంపెనీల మాటా అంతే బలంగా ఉంది. ఆనాటి యంత్రాల ఖరీదుకు, ఆనాటి వడ్డీకి నియంత్రణ మండలే లెక్కవేసి ఇచ్చిన ధర ఇది. వీళ్లు అడిగి పుచ్చుకున్నది కాదు. కేంద్ర విద్యుత్తు మంత్రి ఒప్పందాలు తిరగదోడవద్దని లేఖలు రాశారు. జపాన్ రాయబారి కూడా ముఖ్యమంత్రికి రాశారు. ఆ దేశపు డబ్బూ ఈ గాలిమరల్లో ఉంది మరి.

వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2019 సెప్టెంబరు 24న కమిటీ ఉత్తర్వును కోర్టు కొట్టేసింది. ధరల సంగతి నియంత్రణ మండలి తేల్చేదాకా గాలికి రూ.2.43, సోలార్‌కి రూ.2.44 చొప్పున చెల్లించమంది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. 2022 మార్చి 15న ధర్మాసనం తీర్పు వచ్చింది. ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలి, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలి. అంటే దాదాపు మూడేళ్ల పోరాటం తర్వాత కథ మొదటికే వచ్చింది.

ఖర్చు మాత్రం మొదటికి రాలేదు. 2019 మార్చి నుంచి 2024 మార్చి దాకా, అయిదేళ్లలో రాష్ట్రంలో కొత్తగా వచ్చిన పవన విద్యుత్తు పది మెగావాట్లకు కూడా చేరలేదు. అంతకుముందు అయిదేళ్లలో మూడువేల పైచిలుకు వచ్చిన చోట! వేలం పద్ధతి రావడంతో కొంత మందగింపు దేశమంతా ఉన్నదే. కానీ పక్క రాష్ట్రాలైన తమిళనాడు, కర్ణాటక ఆ అయిదేళ్లలోనూ పెంచుకుంటూనే పోయాయి.

ఇక్కడే వడ్డీ లెక్క తెలియాలి. బొగ్గు కేంద్రానికి ప్రతిరోజూ బొగ్గు కొనాలి. ఖర్చు పాతికేళ్ల మీద పరుచుకుంటుంది. ఎండకూ గాలికీ ఆ ఖర్చు లేదు. ఉన్నదల్లా మొదటిరోజే పెట్టాల్సిన డబ్బు. ఒక మెగావాట్ సోలార్‌కి సుమారు నాలుగు కోట్లు అవుతుందనుకుందాం. ఏడాదికి పదహారు లక్షల యూనిట్లు వస్తాయనుకుందాం. డబ్బంతా అప్పే అనుకుంటే, ముప్పావలా వడ్డీకి దొరికితే ఏడాదికి 36 లక్షలు. రూపాయి వడ్డీ అయితే 48 లక్షలు. తేడా 12 లక్షల్ని యూనిట్ల మీద పంచితే ఒక్కోదానికి 75 పైసలు. రెండున్నర, మూడు రూపాయల సరుకు మీద ముప్పావలా! ఎండలో తేడా లేదు, పలకల్లో తేడా లేదు. 'వీళ్లు మాట మీద నిలబడతారా' అని బ్యాంకు మేనేజరుకొచ్చిన అనుమానం ఖరీదు అది. పేరున్న రైతుకు ఒక వడ్డీ, ఎగ్గొడతాడన్న పేరున్నవాడికి ఇంకో వడ్డీ పడటం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. రాష్ట్రాలకూ అదే సూత్రం.

ఈ పాఠం నేర్చుకున్నది మనమే కాదు. జర్మనీ 2000లో చట్టం చేసి ఇరవై ఏళ్ల స్థిర ధర ఇచ్చింది. కొత్తగా వచ్చేవాళ్లకు ధర తగ్గించుకుంటూ పోయిందే తప్ప పాతవాళ్ల కాగితం జోలికి పోలేదు. స్పెయిన్ 2007లో చేతికి ఎముక లేకుండా ధర ప్రకటించింది. మరుసటి ఏడాదే పలకలు పుట్టగొడుగుల్లా లేచాయి. బిల్లు చూసి 2010 నుంచి పాత ఒప్పందాలకూ కోతపెట్టింది. అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గర దావాల మీద దావాలు పడి, ఆ తలనొప్పి ఏళ్ల తరబడి వదల్లేదు.

ఒంగోలు మిద్దె లెక్క

ఒంగోలులో సంగతి కాస్త చల్లగా ఉంటుంది. లాయరుపేటలోనో, భాగ్యనగర్‌లోనో మధ్యతరగతి ఇంటి మిద్దె మీదికి ఎక్కితే ఇప్పుడు కబుర్లన్నీ 'సూర్యఘర్' గురించే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పథకమిది. కిలోవాట్‌కి రూ.30 వేలు, రెండు కిలోవాట్లకు రూ.60 వేలు, మూడూ ఆపైన అయితే రూ.78 వేలు. అంతకుమించి ఇవ్వరు. కోటి ఇళ్ల లక్ష్యంతో రూ.75,021 కోట్లు కేటాయించారు.

రాయితీ అందరికీ ఒకటే. లాభం మాత్రం అందరికీ ఒకటి కాదు. ఎలాగో చూద్దాం. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు శ్లాబులున్నాయి. మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. రెండు ఏసీలు, గీజరు ఉన్న ఇంట్లో నెలకు 300 యూనిట్లు కాలితే, సర్దుబాటు ఛార్జీలూ అవీ పక్కనపెట్టినా, కరెంటుకే సుమారు రూ.1,673. మూడు కిలోవాట్ల పలకలు ఆ మొత్తాన్నీ దాదాపు తుడిచేస్తాయి. రెండు లక్షల ఖర్చులో రాయితీ పోగా చేతినుంచి పడేది లక్షా ఇరవైరెండు వేలు. ఆరేళ్లలో తిరిగొస్తుంది. ఆ తర్వాత పంటంతా మిగులే.

అదే వీధి చివర రెండు గదుల ఇల్లు. రెండు ఫ్యాన్లు, టీవీ, చిన్న ఫ్రిజ్. నెలకు వంద యూనిట్లు. బిల్లు రూ.305 లోపు. ఒక కిలోవాట్ పలకకు డెబ్బైవేలు అయితే, రాయితీ పోను నలభై వేలు సొంతంగా పెట్టాలి. నెలకు మూడు వందలు మిగిలితే ఆ డబ్బు తిరిగి రావడానికి పదకొండేళ్లు! అప్పుచేసి పెడితే ఇంకా ఎక్కువ. పేదింటి కరెంటు ముందే చవక. చవక సరుకును ఆదా చేసి ఎంత మిగుల్చుకోగలరు?

ఇంకో మెలిక కూడా ఉంది. పై శ్లాబుల్లో ఎక్కువ కట్టేవాళ్ల డబ్బే కింది శ్లాబులకు ఆసరా. ఎక్కువ కట్టేవాళ్లంతా మిద్దెక్కి గ్రిడ్ బిల్లు తగ్గించుకుంటే ఆ ఆసరా ఎక్కడినుంచి వస్తుంది? రాత్రి వాళ్లకు కావాల్సిన కరెంటుకు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్‌మన్ జీతం యథాతథం. అమెరికాలోని కాలిఫోర్నియా 2023లో మిద్దె కరెంటుకు ఇచ్చే ధరను బాగా తగ్గించింది ఈ గొడవతోనే. మన దగ్గర ఇంకా అంత దూరం రాలేదు.

ఈ అసమానత ప్రభుత్వానికి తెలియక కాదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టే పని, బీసీలకు కేంద్ర రాయితీకి తోడు మరో రూ.20 వేలు కలిపే పని రాష్ట్రం చేపట్టింది. దయ ఒక్కటే కాదు, లెక్క కూడా. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఎలాగూ ఉచితం. ఆ భారం ఏటేటా ఖజానాదే. ఒకసారి పలక పెట్టేస్తే అది తగ్గుతుంది. అందులోనూ సగానికి పైగా ఖర్చుకు కేంద్రం డబ్బు ఉండనే ఉంది!

బోరుబావుల దేశంలో

ఒంగోలు నుంచి పడమరకు పొదిలి మీదుగా కనిగిరి వైపు తిరిగితే పచ్చదనం క్రమంగా వెనకబడుతుంది. సాగర్ కాలువ నీళ్లు అందని మెట్ట. ఫ్లోరైడ్ నీళ్లు, కంది, సజ్జ, కంపచెట్లు. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తున్న తరాలు. ఇక్కడ వ్యవసాయం అంటే బోరు. బోరు అంటే కరెంటు. కరెంటు అంటే ఉచితం. 2004 మే 14న ముఖ్యమంత్రిగా వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం దాని మీదే. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని తాకే సాహసం చేయలేదు.

అందుకే రైతు సొంతంగా సోలార్ పంపు పెట్టుకునే పథకం ఇక్కడ అంతగా కదలదు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ కింద పంపు ఖరీదులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే మిగతా 40 శాతం రైతు చూసుకోవాలి. ఉచితంగా తిరిగే మోటారుండగా ఏ రైతు తన జేబులోంచి తీస్తాడు? కరెంటు స్తంభం అందని పొలాలకే అది అక్కర.

అయితే రైతుకు అక్కర లేని లెక్క ప్రభుత్వానికి ఉంది. రాష్ట్రంలో పద్దెనిమిది లక్షలకు పైగా వ్యవసాయ మోటార్లున్నాయి. ఆ కరెంటు ఖరీదు ఏటా వేల కోట్లు. పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వాలంటే పగలే పండే కరెంటు కావాలి. అర్ధరాత్రి మోటారు వేయడానికి పోయి పాముకాటుకో, షాక్‌కో బలైనవాళ్ల కథలు ఈ ఊళ్లలో అందరికీ తెలుసు కాబట్టి పగటి కరెంటు విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు.

దానికోసం 2020లో పదివేల మెగావాట్ల సోలార్ తలపెట్టారు. తొలి విడత 6,400 మెగావాట్లకు పది చోట్ల టెండర్లు పిలిచారు. ఆ జాబితాలో ఈ మెట్టలోని చంద్రశేఖరపురం పేరూ ఉంది. ధరలు యూనిట్‌కి రూ.2.47 నుంచి పలికాయి. నిబంధనల మీద కేసు పడి 2021 జూన్‌లో హైకోర్టు ఆ టెండర్లను కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరు 1న రాష్ట్రం కేంద్ర సంస్థ సెకితో 7,000 మెగావాట్లకు రూ.2.49 చొప్పున పాతికేళ్ల ఒప్పందం చేసుకుంది. పలకలు రాజస్థాన్‌లో. అంతదూరం నుంచి తెచ్చే తీగల ఛార్జీల్ని కేంద్రం మాఫీ చేస్తే తప్ప ఆ ధరకు గిట్టదు. ఆ మాఫీ కూడా ఒక ప్రోత్సాహకమే. ఆ ఒప్పందం చుట్టూ రేగిన వివాదాలు వేరే పెద్ద కథ. ఇక్కడివాళ్లకు అర్థమైంది ఒక్కటే. చంద్రశేఖరపురంలో కాసే ఎండను వదిలి థార్ ఎడారి ఎండను కొన్నారు. అక్కడ ఎండ కాస్త ఎక్కువే, కానీ ఇక్కడ రావాల్సిన లీజు డబ్బు, వాచ్‌మన్ ఉద్యోగం, టీకొట్టు కూడా దానితోపాటే పోయాయి.

ఇప్పుడు గాలి మళ్లీ ఇటు తిరిగింది. 2024 అక్టోబరులో వచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యమంటోంది. వ్యవసాయ ఫీడర్ పక్కనే చిన్న సోలార్ క్షేత్రం పెట్టి ఆ ఫీడర్‌లోని మోటార్లన్నిటికీ కరెంటిచ్చే పద్ధతికి కేంద్రం మెగావాట్‌కి రూ.1.05 కోట్ల దాకా ఇస్తోంది. రాజస్థాన్ తీగ అక్కర్లేదు, దారిలో నష్టం తక్కువ. 2025 ఏప్రిల్ 2న కనిగిరి దగ్గర దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో గడ్డి పెంచి గ్యాసు తీస్తారట. ఎండ కాదు, గాలి కాదు కానీ వరస మాత్రం అదే. కొత్త ఇంధనం, ప్రభుత్వ ప్రోత్సాహం, మెట్ట భూమి లీజు.

ఆ లీజు మాట ఊళ్లో గుప్పుమంది. ఎకరాకు ఏటా ముప్పైవేల చుట్టూ వినిపిస్తోంది. గుంటూరు పక్క మిరప చేలకు కౌలే అంతకుమించి ఉంటుంది కాబట్టి అక్కడ ఎవరూ తలెత్తి చూడరు. కనిగిరి మెట్టలో మాత్రం వానపడితే కంది, లేకపోతే బీడు అయిన ఎకరానికి అది ఊహించని డబ్బు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో స్థిరపడిన యజమానికి మరీ సుఖం. నెలనెలా పెన్షన్‌లా బ్యాంకులో పడుతుంది. ధర పడిపోదు, తెగులు రాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలి, క్వింటాలు రూ.11,781కి కేంద్రం ఆదుకోవాల్సి వచ్చిన రోజులు గుర్తున్నవాళ్లు లీజును కాదనడం కష్టం.

కానీ ఆ ఎకరాన్ని దున్నుతున్నది చాలాచోట్ల యజమాని కాదు, కౌలుదారు. కంది కోతకు వచ్చే కూలీలున్నారు. కోతయ్యాక బీట్లో గొర్రెలు మేపుకునేవాళ్లున్నారు. కంచె పడితే ముగ్గురికీ దారి మూతే. లీజు కాగితం మీద సంతకాలు రెండే ఉంటాయి, యజమానిది, కంపెనీది. ఢిల్లీలోనో, అమరావతిలోనో ప్రకటించిన ప్రోత్సాహకం చివరికి చేరేది ఆ రెండు సంతకాల దగ్గరికే. కౌలుదారు రక్షణ కోసం 2019లో చేసిన చట్టం పంట సాగు హక్కు పత్రం గురించి మాట్లాడుతుంది. పలకల కింద పంట లేదు కాబట్టి ఆ పత్రానికీ అక్కడ పని లేదు. గొర్రెలవాళ్లు మాత్రం కంచె వెంట నడుచుకుంటూ ఇంకాస్త పడమరకు, నల్లమల దిక్కుగా మంద తోలుకుపోవాల్సిందే.